అంగడికి రెండవ తలుపు

రాత్రి పది గంటల వేళ సైదాబాదు బజారులో నిలిచి చూచువారికి ప్రతిదినమును ఒక దృశ్యము కానవచ్చును. దుకాణదారుడు షట్టరును క్రిందికి లాగును. రెండు వైపుల తాళములు వేయును. వేసినది చాలక తాళమును రెండు మారులు గుంజి చూచును. పిదప దానికి నమస్కరించి బండి యెక్కును. నాలుగడుగులు పోయిన పిమ్మట సందేహము తోచి మరల వచ్చి చూచువారును గలరు. ఈ జాగ్రత్తను మేము పరిహసించుట లేదు. తరతరములుగా వర్తకుని నిలిపినది యీ జాగ్రత్తయే. కాని యా దుకాణమునకు రెండవ తలుపొకటి గలదు. అది వీథివైపున లేదు. గల్లాపెట్టె ప్రక్కనున్న కంప్యూటరులోను, యజమాని జేబులోని సెల్‌ఫోనులోను ఉన్నది. దాని తాళపుచెవి గుమాస్తా యొద్ద నొకటి, కంప్యూటరు బాగుచేయువాని యొద్ద నొకటి, ఏడాది క్రిందట పని మాని పోయిన కుర్రవాని యొద్ద నొకటి యున్నవి. మొదటి తలుపును రెండు మారులు గుంజి చూచు వర్తకుడు ఈ రెండవ తలుపును ఒక్కమారైనను తాకి చూడడు. ఈ యేమరుపాటును గూర్చియే నేడు మేము వ్రాయ దలచినాము.

పదేండ్ల క్రిందట ఈ తలుపు ఇంత విశాలమైనది కాదు. 2016వ సంవత్సరమున యూపీఐ చెల్లింపులు ఆరంభమైనవి. ఆ యేటి నవంబరులో పెద్ద నోట్లు రద్దయిన పిమ్మట అవి వీథివీథికిని వ్యాపించినవి. నేడు దిల్‌సుఖ్‌నగరు బట్టల దుకాణము మొదలుకొని చంపాపేట టిఫిను బండి వరకు క్యూఆర్ కోడు లేని వ్యాపారము అరుదు. చిట్టా ఆవర్జాలు కంప్యూటరులో చేరినవి. ఉద్దెర ఖాతాలు సెల్‌ఫోనులో చేరినవి. కోచింగు కేంద్రములలో విద్యార్థుల పేర్లు, వారి తండ్రుల ఫోను సంఖ్యలు. వసతిగృహములలో ఆధారు ప్రతులు. ఆసుపత్రులలో రోగుల వివరములు. నగల దుకాణములలో ఏ యింట నెంత బంగారము చేరినదను లెక్క. ఇవన్నియు ఆ రెండవ తలుపు వెనుకనే యున్నవి. సొమ్ము వర్తకునిదైనను, ఆ వివరములు వర్తకునివి కావు. నమ్మి యప్పగించిన జనులవి.

"మా చిన్న దుకాణములో దొంగకు దొరకున దేమున్నది?" యని కొందరందురు. ఈ ప్రశ్న పాతకాలపు దొంగను తలచుకొని వేసినది. ఆ దొంగ రాత్రి కొక యింటికే పోగలడు గనుక, సంపన్నుని యింటినే యెంచుకొనును. నేటి దొంగ అట్లు గాదు. వాడు ఎక్కడనో కూర్చుండి, యంత్రసాహాయ్యమున ఒక్కమారుగా లక్ష తలుపులను తట్టును. ఏది తెరచియున్న దానిలో దూరును. కిరాణా కొట్టా, కోట్ల వ్యాపారమా యని వాడు ముందుగా విచారింపడు. చిన్నవాడనుట రక్షణ గాదు. కావలి లేకపోవుటయే ఆహ్వానము.

ఇది యూహామాత్రము గాదు. మన నగరముననే జరిగిన దృష్టాంతము గలదు. 2022వ సంవత్సరము జనవరి నెలలో హైదరాబాదులోని ఏ.పీ. మహేశ్ సహకార అర్బన్ బ్యాంకునుండి సుమారు 12 కోట్ల 48 లక్షల రూపాయలు అపహరింపబడెను. గోడకు కన్నము పడలేదు. ఇనుప పెట్టె పగులలేదు. తుపాకి చూపినవాడు లేడు. అంతకు రెండు నెలల ముందు, అనగా 2021 నవంబరులో, బ్యాంకు ఉద్యోగులకు కొన్ని మోసపు ఈమెయిళ్లు వచ్చినవి. వానిలో నొకదానిని నిజమని నమ్మి ఒకరిద్దరు తెరచిరి. తెరచినంతనే దూరమునుండి కంప్యూటరును నడిపించు కపట ప్రోగ్రామొకటి లోన జేరెను. మీట మీట నొక్కినపుడెల్ల దానిని దొంగకు దెలుపు మరియొక సాధనమును దానివెంట వచ్చెను. పిదప దొంగలు తొందరపడలేదు. లోననే యుండి, ఎవరి యొద్ద నే యధికారమున్నదో, ఏ పాస్‌వర్డుతో నే గది తెరచుకొనునో గమనించుచు వచ్చిరి. సమయము వచ్చినపుడు సొమ్మును ఆ బ్యాంకులోని కొన్ని ఖాతాలకు మరలించిరి. అందుండి యితర బ్యాంకులలోని 115 ఖాతాలకు, వానినుండి 398 ఖాతాలకు పంచి, దేశమందలి 938 ఏటీఎంల ద్వారా నోట్ల రూపమున తీసికొనిపోయిరి. ఈ వివరములను విచారణానంతరము నగర పోలీసులే వెల్లడించిరి. రక్షణ నియమములను పాటింపలేదను కారణమున 2023లో రిజర్వు బ్యాంకు ఆ సంస్థకు 65 లక్షల రూపాయల జరిమానా విధించెను.

ఈ వృత్తాంతములో వర్తకుడెల్ల గ్రహింపవలసిన సంగతులు మూడు గలవు.

మొదటిది: తలుపును లోపలివారే తెరచిరి. ద్రోహబుద్ధితో గాదు, అజాగ్రత్తతో. ఆ యుద్యోగులను మాత్రమే నిందించుట న్యాయము గాదు. దినమునకు నూరు ఉత్తరములు తెరువవలసిన గుమాస్తాకు ఏది తెరువరాదో నేర్పవలసిన బాధ్యత యజమానిది. నేర్పని విద్యలో తప్పిపోయినవానిని దండించి, నేర్పనివానిని విడిచిపెట్టుట ఏ ధర్మమున నున్నది?

రెండవది: లోపల గోడలు లేవు. శాఖలకును ప్రధాన కార్యాలయమునకును నడుమ తగిన అడ్డుకట్టలు లేనందున ఒక కంప్యూటరులో దూరినవానికి బ్యాంకంతయు దొరకెను. సర్వాధికారము గల ఖాతాలు, అనగా ఇంట నన్ని గదులను తెరువగల తాళపుచెవులు, ఒకటి రెండు గాక పదివరకు నుండెననియు, వాని పాస్‌వర్డులు కట్టుదిట్టముగా లేవనియు విచారణలో దేలినది. ఇంటి పెద్దకోడలి నడుమున నుండవలసిన బీరువా తాళము పదిమంది చేతులలో తిరిగినచో ఆ సంసార మేమగును?

మూడవది: కనిపెట్టువారు లేరు. రెండు నెలలు పరాయివాడు ఇంట మసలినను ఇంటివారికి తెలియలేదు. అపహరణము జరిగినది వారాంతమున. దొంగకు పంచాంగము బాగుగ తెలియును. ఏనాడు కార్యాలయము మూయబడునో, ఏనాడు ఫోను నెత్తువారుండరో ఎరిగియే వాడు ముహూర్తము పెట్టును.

ఈ ముహూర్త విషయమున మన నగరము ఒంటరి గాదు. 2016 ఫిబ్రవరిలో బంగ్లాదేశు కేంద్ర బ్యాంకునకు న్యూయార్కులో నున్న ఖాతానుండి 8 కోట్ల 10 లక్షల డాలర్లను దొంగలు ఫిలిప్పీన్సునకు మరలించిరి. ఢాకాలో శుక్రవారపు సెలవు, న్యూయార్కులో ఆదివారపు సెలవు, మనీలాలో చీనావారి నూతన సంవత్సరపు సెలవు. ఈ మూటిని కలిపి వారు కార్యము సాధించుకొనిరి. ఇంకను పెద్ద మొత్తమును గొనిపోవలసినవారే. కాని శ్రీలంకలోని ఒక సంస్థ పేర పంపిన ఆజ్ఞలో ఒక మాట అక్షరదోషముతో నుండుటచే అనుమానము గలిగి, రెండు కోట్ల డాలర్లు ఆగిపోయినవి. కోట్ల విలువ గల యంత్రములు కనిపెట్టలేని మోసమును ఒక అక్షరదోషముపై నిలిచిన మానవదృష్టి కనిపెట్టెను. మా వాదమున కింతకన్న గొప్ప సాక్ష్యము వేరొకటి లేదు. రక్షణ యనునది కొని తెచ్చి గోడకు తగిలించు వస్తువు గాదు. అది పనిచేయువారి అలవాటు.

బ్యాంకుల సంగతి యటుండ, మన బజారులలో దినదినమును జరుగునవి చూతము. రద్దీవేళ సొమ్ము చెల్లించినట్లు తెరపై బొమ్మ చూపి సరకు గొనిపోవువారు గలరు. గల్లాపై నంటించిన క్యూఆర్ కోడుపై తన కోడును అతికించి, దినమంతయు వచ్చిన సొమ్మును కాజేయువారు గలరు. పెండ్లి శుభలేఖ యనియు, బండి చలానా యనియు వాట్సాప్‌లో ఒక ఏపీకే ఫైలును పంపుదురు. దానిని నొక్కినచో ఫోనుకు వచ్చు ఓటీపీలు దొంగకును చేరును. యజమాని ఛాయాచిత్రమును పెట్టుకొని, "నేను సమావేశములో నున్నాను, ఈ ఖాతాకు వెంటనే సొమ్ము పంపుము" అని లెక్కలు వ్రాయువానికి సందేశ మిచ్చుటయు సామాన్యమైనది. సరకు పంపు వ్యాపారి పేర, "మా బ్యాంకు ఖాతా మారినది, ఇకమీద ఈ ఖాతాకు పంపుడు" అను ఉత్తరము వచ్చును. చిరునామాలో ఒక్క అక్షరమే తేడా. ఏండ్ల తరబడి నడచిన బేరము గనుక ఎవ్వరును అనుమానింపరు. సొమ్ము పోయిన పిమ్మట ఇరువురు మిత్రులు శత్రువులగుదురు.

వీని యన్నిటికంటె ఘోరమైనది లెక్కల పుస్తకములనే చెరబట్టుట. దొంగ కంప్యూటరులోని ఫైళ్లన్నిటిని ఎవరికిని చదువరాని గూఢలిపిలోనికి మార్చి, విడిపింప సొమ్ము నడుగును. 2017 మే నెలలో వానాక్రై యను నిట్టి తెగులు ప్రపంచమెల్ల ప్రాకినపుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కొన్నియు దాని పాలబడినవి. ఆ తెగులునకు మందును మైక్రోసాఫ్టు సంస్థ అంతకు రెండు నెలల ముందే, మార్చిలో, విడుదల చేసియుండెను. మందు పెట్టెలోనే యున్నది, త్రాగినవారు లేరు. 2024 జూలై చివర, బ్యాంకులకు కంప్యూటరు సేవలందించు సీ-ఎడ్జ్ అను సంస్థపై ఇట్టి దాడి జరుగుటచే సుమారు 300 చిన్న బ్యాంకుల చెల్లింపులు తాత్కాలికముగా నిలిచిపోయినవి. ఆ బ్యాంకులలో దాచుకొన్న రైతులును, చిన్న వ్యాపారులును చేసిన తప్పేమి? పొరుగువాని తలుపు తెరచియుండుట మన కొంపకును ముప్పు తెచ్చునని దీనివలన తెలియవలెను.

ఇక చేయవలసిన దేమి? ఈ విషయమున పెద్ద పెద్ద సంస్థలకు పనికివచ్చు ఉపదేశములను వల్లించుట మా యుద్దేశము గాదు. దిల్‌సుఖ్‌నగరు, సరూర్‌నగరు, ఎల్బీనగరు ప్రాంతముల సామాన్య వర్తకుడు ఈ వారముననే చేయగల పనులను మాత్రము చెప్పుదుము.

తాళపుచెవులను లెక్కింపుడు. దుకాణపు ఈమెయిలు, బ్యాంకు ఖాతా, లెక్కల ప్రోగ్రాము, వాట్సాప్. వీనిలో దేని పాస్‌వర్డు ఎవరికి తెలియునో ఒక కాగితముపై వ్రాయుడు. వ్రాసి చూచినగాని దాని భయంకరత్వము తెలియదు. ఎవరి పని కెంత యవసరమో అంతయే యిండు. పని మానినవాడు పోవు దినముననే తాళము మార్చుడు. అన్నిటికిని ఒకే పాస్‌వర్డు పెట్టుట ఇంటికిని, బీరువాకును, బండికిని ఒకే తాళపుచెవి చేయించుటవంటిది. పాస్‌వర్డుతోబాటు రెండవ నిర్ధారణను గూడ నడుగు ఏర్పాటు ఈమెయిలులోను వాట్సాప్‌లోను మూల్యము లేకయే గలదు. దానిని నేడే పెట్టుకొనుడు.

సొమ్ము కదలుటకు రెండు చేతులు కలియవలె నను నియమము పెట్టుడు. ఒకరు వ్రాయగా వేరొకరు అంగీకరింపవలెను. ఖాతా సంఖ్య మారినదని ఉత్తరము వచ్చినచో, ఆ యుత్తరములోని సంఖ్యకు గాక, మీ పాత పుస్తకములో నున్న సంఖ్యకు ఫోను చేసి, తెలిసిన గొంతు విని గాని సొమ్ము పంపవలదు. యజమానియే సందేశము పంపినట్లున్నను ఈ నియమము తప్పరాదు. యజమానిని తిరిగి ప్రశ్నించిన గుమాస్తాను కసరువాడు తన దుకాణమును తానే దొంగకు అప్పగించుచున్నాడు. చెల్లింపు వచ్చినదా యని కొనువాని తెరను గాదు, తన ఖాతాను చూచుకొనవలెను. ఉదయమున షట్టరెత్తినపుడు క్యూఆర్ కోడుపై వేరొక కాగితమున్నదేమో తడిమి చూచుట నిమిషము పని.

లెక్కలకు రెండవ ప్రతి యుంచుడు. ఆ ప్రతి కంప్యూటరునకు తగిలించియే యున్నచో అదియు దొంగ పాలగును. వారమున కొకమారు వేరొక డిస్కులో ప్రతి దీసి, దానిని విడదీసి ఇంట దాచవలెను. మూడు నెలల కొకమారు ఆ ప్రతి తెరచుకొనుచున్నదో లేదో పరీక్షింపవలెను. దొంగసరకు కొనుట తప్పని యెరిగిన వర్తకుడు దొంగప్రతి ప్రోగ్రాములను కంప్యూటరులో నింపుకొనుట వింతగా నున్నది. అట్టి ప్రోగ్రామునకు మందు రాదు. కొన్నిట విషమే ముందుగా కలిపియుండును.

మరియొక మాట కఠినముగా చెప్పవలసియున్నది. మహేశ్ బ్యాంకు సొమ్ము వందలాది ఖాతాలలో ప్రవహించెనని పైన వ్రాసితిమి. ఆ ఖాతాలు ఆకాశమునుండి దిగినవి గావు. స్వల్ప ప్రతిఫలమునకు ఆశపడి తన ఖాతాను పరుల కద్దె కిచ్చు మనుజులు లేనిదే ఈ దొంగతనములు సాగవు. కరెంటు ఖాతాలో సొమ్ము పెద్ద మొత్తములలో కదలును గనుక చిన్న వర్తకులను ఈ యాశ వెదకుకొని వచ్చుచున్నది. దోచిన సొత్తుకు దారి యిచ్చినవాడు దోచినవానికి భాగస్వామియే. అట్టి వాని దుకాణపు పటములలోని లక్ష్మి ఎంతకాలము నిలుచునో వాడే యాలోచించుకొనవలెను.

ఇన్ని జాగ్రత్తలు తీసికొన్నను నష్టము కలుగవచ్చును. అప్పుడు సిగ్గుపడి దాచుట రెండవ నష్టము. "మోసపోయినానని తెలిసిన పరపతి పోవును" అని వర్తకుడు జంకును. దొంగ యెక్కువగా నమ్ముకొన్నది ఆ జంకునే. సొమ్ము ఒక ఖాతానుండి మరియొక ఖాతాకు పరుగెత్తుచుండును. ఏటీఎంను చేరులోపల దానిని ఆపవలెను. 1930 అను సంఖ్యకు ఫోను చేయుట, బ్యాంకునకు తెలుపుట. ఈ రెండును తెలిసిన నిమిషముననే జరుగవలెను. మన రాష్ట్రమున ఈ పని కొరకే 2023లో సైబర్ సెక్యూరిటీ బ్యూరో స్థాపింపబడినది. కంప్యూటర్లపై జరిగిన ఇట్టి దాడులను ఆరు గంటల లోపల సెర్ట్-ఇన్ అను కేంద్ర సంస్థకు తెలుపవలెనని 2022 ఏప్రిలులో వెలువడిన ఉత్తర్వు సంస్థలను నిర్బంధించుచున్నది. జనుల వివరములను కాపాడలేని సంస్థలపై 250 కోట్ల రూపాయలవరకు జరిమానా విధించుటకు 2023వ సంవత్సరపు చట్టము వీలు కల్పించినది. ఇక మీదట నిర్లక్ష్యము సొంత వ్యవహారము గాదు.

వర్తకుల కింత చెప్పిన మేము ప్రభుత్వమునకు ఏమియు చెప్పకుండుట ధర్మము గాదు. 2024వ సంవత్సరమున తెలంగాణ పోలీసువారి హాక్ ఐ యాప్‌నుండియే ఫిర్యాదుదారుల వివరములు అపహరింపబడి అమ్మకమునకు పెట్టబడినవి. నిందితుని కొలదిదినములలోనే పట్టుకొనిరి, అది ప్రశంసనీయము. కాని కావలివాని యింటనే కన్నము పడినపుడు, ఊరివారికి చేయు ఉపదేశము కొంత వినయముతో గూడి యుండవలెను. మరియు, దొంగసొమ్ములో కొంత భాగము తెలియక తన ఖాతాలో పడినందున, సరకు న్యాయముగా అమ్మిన చిన్న దుకాణదారుని ఖాతా యంతయు స్తంభింపజేయబడుచున్నది. వంద రూపాయల అనుమానమునకు లక్ష రూపాయల పెట్టుబడిని నెలల తరబడి బంధించుట న్యాయమా? అనుమానించిన మొత్తమును మాత్రమే నిలిపి, తక్కినదానిని వదలుటయు, వర్తకుని మొర వినుటకు నిర్ణీతమైన గడువును ఏర్పరచుటయు అధికారుల విధి. లేనిచో సాధువైన వర్తకుడు 1930కి ఫోను చేయుటకే వెరచును.

భాష విషయమును మరువరాదు. బ్యాంకుల హెచ్చరికలు చాలవరకు ఇంగ్లీషులో వచ్చుచున్నవి. దొంగ మాత్రము చక్కని తెలుగున మాటలాడుచున్నాడు. హెచ్చరిక పరభాషలోను, మోసము మాతృభాషలోను సాగుచున్నచో గెలుపెవ్వరిదో వేరుగ చెప్పనక్కరలేదు. తెలుగునను ఉర్దూలోను ఒక్క పుట కరపత్రమును ముద్రించి ప్రతి దుకాణపు గల్లాపై అంటించుటకు బ్యాంకులకు కోట్లు వ్యయము కావు. మన వర్తక సంఘములు దసరా చందాలకు కూడినట్లే నెలకొకనాడు కూడి, ఆ నెలలో బజారున జరిగిన మోసములను పేరు చెప్పకయే ఒకరికొకరు తెలుపుకొన్నచో, ఒకని నష్టము నూరుగురికి పాఠమగును. చేరువనున్న కళాశాలలలో కంప్యూటరు విద్య నభ్యసించు యువకులు వేలమంది గలరు. వారిని పిలిచి గుమాస్తాలకు రెండు గంటలు నేర్పింపుడు. ఈ విద్యకై అమీర్‌పేటకు పోనక్కరలేదు.

"ఇన్ని బాధలెందుకు, మరల నోట్లకే పోదము" అనువారును గలరు. బజారు వెనుకకు నడువదు. కొనువాని జేబున నోటు లేనపుడు అమ్మువాడు దానికై పట్టుపట్టిన, బేరము పక్క దుకాణమునకు పోవును. ఇనుప పెట్టె వచ్చిన నాడును దొంగలు మానలేదు. వర్తకులు దాని వాడుక నేర్చుకొనిరి. నేడును నేర్చుకొనవలసినదే.

వర్తకుని యసలు పెట్టుబడి రూపాయి గాదు. "అతని యొద్ద నుంచిన మాటకును మూటకును భయము లేదు" అను పేరు. సైదాబాదున ఏండ్లు శ్రమించి సంపాదించిన ఆ పేరు ఒక్క రాత్రిలో, తెలియని చేతిలో పోవుట కన్నులార చూచుచు ఊరకుండరాదు. ఈ రాత్రి షట్టరు దించి, తాళమును రెండు మారులు గుంజి చూచుటకు ముందు, మన వర్తక సోదరులు లోపలి తలుపును గూడ ఒకమారు గుంజి చూతురుగాక.